షుగర్ ఉన్నవాళ్లు చిగుళ్లను, గుండెను కలిపి చూసుకోవడం ఎలా

పొద్దున పళ్లు తోముకుని ఉమ్మితే కాస్త ఎర్రగా కనిపించిందనుకోండి. షుగర్ ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమంది చేసేవి రెండే పనులు. బ్రష్ గట్టిగా ఉందేమోనని మారుస్తారు, లేదా ఆ పక్క తోమడం మానేస్తారు. అదే రక్తం మూత్రంలో కనిపిస్తే సాయంత్రానికల్లా ల్యాబ్‌లో ఉంటాం. నోట్లోంచి వచ్చే రక్తానికి ఆ మర్యాద దక్కదు.

దక్కాలి. షుగర్ అదుపులో లేనివాళ్లకు చిగుళ్ల జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. కళ్లు, కిడ్నీలు, నరాలు, పెద్ద రక్తనాళాలు, మానని పుండ్లు - షుగర్ తెచ్చే ఈ అయిదు ఇబ్బందుల తర్వాత ఆరోది చిగుళ్ల జబ్బే అని హరాల్డ్ లోయె (Harald Löe) అనే దంతవైద్య పరిశోధకుడు 1993లోనే రాశాడు. మన దేశంలో పది కోట్లమందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే లెక్క తేల్చింది. ఏడాదికోసారి కళ్లు చూపించుకోండి, పాదాలు చూపించుకోండి అని వీళ్లకు చెప్పేవాళ్లున్నారు. ఒకసారి నోరు తెరవండి అనే షుగర్ డాక్టర్ మాత్రం అరుదు. పంటి డాక్టరేమో మీ గుండె సంగతి అడగడు. ఈ ఇద్దరికీ, గుండె డాక్టర్‌కీ మధ్య కబురు మోయాల్సింది మీరే. అదెలాగో చెప్పడానికే ఇదంతా.

ముందు లంకె ఏమిటో తెలుసుకోండి

పంటికీ చిగురుకీ మధ్య సన్నని సందు ఉంటుంది. అందులో పాచి చేరి, రోజులు గడిచేకొద్దీ గట్టిపడి గార అవుతుంది. దాన్ని పట్టుకుని ఉన్న సూక్ష్మక్రిముల వల్ల చిగురు వాచి, మెల్లగా పంటిని వదిలేస్తుంది. సందు లోతవుతుంది, లోపల ఎముక కరుగుతుంది. జబ్బు నోరంతా పాకితే, అన్ని సందుల్లోని పుండునూ కలిపి కొలిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉంటుందని అంచనా. బయటికి కనిపించదు, పెద్దగా నొప్పీ ఉండదు.

అంత పుండు నెలల తరబడి ఉంటే ఒళ్లంతా వాపు గుణం పెరుగుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు, షుగర్ ఎక్కుతుంది. షుగర్ ఎక్కితే తెల్లరక్తకణాలు డీలాపడి చిగుళ్లు ఇంకా పాడవుతాయి. ఇక నమిలినప్పుడు, తోముకున్నప్పుడు ఆ క్రిములు కొన్ని రక్తంలోకి వెళ్తాయి. గుండె రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు పూడికలో వాటి జన్యుపదార్థం దొరికింది కూడా. అమెరికాలోని అరిజోనాలో పిమా తెగవాళ్ల మీద చేసిన అధ్యయనం ఒకటి 2005లో వచ్చింది. షుగర్‌తోపాటు చిగుళ్ల జబ్బు బాగా ముదిరినవాళ్లు గుండె, కిడ్నీ జబ్బులతో చనిపోయే ప్రమాదం మిగతావాళ్లకంటే దాదాపు మూడు రెట్లు ఉన్నట్టు అందులో తేలింది.

ఇక్కడో బ్రేకు వేయాలి. చిగుళ్ల జబ్బుకీ గుండె జబ్బుకీ సంబంధం ఉన్నమాట నిజమేనని, అయితే ఒకటి రెండోదానికి కారణమని గానీ, చిగుళ్లు బాగుచేస్తే గుండెపోటు ఆగుతుందని గానీ రుజువు కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో స్పష్టంగా చెప్పింది. పొగతాగడం, వయసు, షుగర్ రెండిటికీ మూలమే కదా. కాబట్టి క్లీనింగ్ చేయించుకున్నాం కదా అని కొలెస్ట్రాల్ మాత్ర ఆపేయకండి. రుజువైన లాభం వేరే ఉంది. చిగుళ్లకు సరైన వైద్యం జరిగితే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) సగటున 0.43 శాతం మేర తగ్గుతుందని 2022లో కాక్రేన్ (వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష తేల్చింది. 8.2 ఉన్నవాళ్లు 7.8కి రావడమంటే చిన్న సంగతేమీ కాదు.

మొదటి పని: అద్దం ముందు నిలబడండి

వెలుతురున్నచోట ఫోన్ టార్చ్ వేసుకుని, పెదవిని వేలితో పక్కకు లాగి చూసుకోండి. ఆరోగ్యమైన చిగురు లేత గులాబీ రంగులో ఉంటుందని ఎక్కడ చదివినా రాసి ఉంటుంది. మనలో చాలామందికి పుట్టుకతోనే చిగుళ్లమీద గోధుమరంగు, నలుపు మచ్చలుంటాయి. అది జబ్బు కాదు. రంగు పక్కనపెట్టి అంచు చూడండి. పంటిని అతుక్కుని పల్చగా ఉందా, ఉబ్బి నిగనిగలాడుతోందా? బ్రష్ తగిలితే రక్తం వస్తోందా? పళ్లు ముందుకంటే పొడుగ్గా కనిపిస్తున్నాయా? ఇదివరకు లేనిచోట సందు వచ్చి కూర నార ఇరుక్కుంటోందా? కట్టుడుపళ్లు కొత్తగా వదులయ్యాయా? ఎంత తోమినా నోటి వాసన పోవట్లేదా? వీటిలో ఒక్కటున్నా పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఏదీ లేకపోయినా ఏడాదికోసారి వెళ్లాలి.

రెండు మెలికలున్నాయి. పొగతాగేవాళ్లకు చిగుళ్లలో రక్తనాళాలు ముడుచుకుపోయి, జబ్బు లోపల ముదురుతున్నా రక్తం కారదు. బీడీ, సిగరెట్, చుట్ట ఏదైనా అంతే. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటున్న పెద్దవాళ్లుంటే వాళ్లకు చిగుళ్లతోపాటు అంగిలి కూడా చూపించాలి, అక్కడ క్యాన్సర్ భయం ఉంది. గుట్కా, ఖైనీ, వక్క నమిలేవాళ్లు ఏ బుగ్గన పెట్టుకుంటారో ఆ పక్కే ముందు చూడండి.

రెండో మెలిక బీపీ మాత్రది. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ లాంటివి కొందరిలో చిగుళ్లను పళ్లమీదికి పెంచేస్తాయి. పాచి ఎక్కువగా ఉంటే ఇంకా పెరుగుతాయి. మాత్ర మొదలైన కొన్ని నెలలకు చిగురు మందమైతే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి, మాత్ర మార్చడానికి వీలుంటుంది. మీకు మీరే ఆపకండి. బీపీ ఒక్కసారిగా ఎగబాకితే చిగుళ్ల కంటే పెద్ద చిక్కు.

రెండో పని: ఒక్క కాగితం రాసుకోండి

మందుల డబ్బా, పాత రిపోర్టుల కవరు మొత్తం మోసుకెళ్లినా పంటి డాక్టర్‌కు తీరిగ్గా చూసే సమయముండదు. ఒక తెల్లకాగితం చాలు. షుగర్ ఎన్నేళ్లుగా ఉంది, చివరి హెచ్‌బీఏ1సీ ఎంత, ఏ తేదీది. వాడే మందులన్నీ, డోసులతో సహా. గుండెపోటు వచ్చిందా, స్టెంట్ వేశారా, బైపాస్ అయిందా, వాల్వ్ మార్చారా, ఏ నెల ఏ సంవత్సరంలో. రక్తం పలచబడే మందు వాడుతుంటే దాని పేరు వేరే గీత కింద పెద్ద అక్షరాల్లో. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంతుంది. పడని మందులేమైనా ఉంటే అవి. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపించి ఉంచండి.

కాగితం వెనక వైపు ఖాళీగా వదలండి. అది పంటి డాక్టర్ రాయడానికి. ఏయే పళ్ల దగ్గర సందు ఎంత లోతుంది, ఎన్నిచోట్ల రక్తం వచ్చింది, ఏం చేశారు. తర్వాతిసారి షుగర్ డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ వైపు చూపించండి. మందులు మారకుండానే హెచ్‌బీఏ1సీ ఎందుకు పెరుగుతోందో అర్థంకాక ఇంకో మాత్ర కలపబోయే డాక్టర్‌కు ఇది పనికొస్తుంది.

మూడో పని: ఎక్కడికి వెళ్లాలి, ఏం అడగాలి

మామూలు పంటి డాక్టర్‌తో మొదలుపెట్టొచ్చు. అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "చిగుళ్ల లోతు కొలుస్తారా?" గీతలున్న సన్నని పరికరంతో ఒక్కో పంటి చుట్టూ కొలుస్తారు. మూడు మిల్లీమీటర్ల వరకు ఫర్వాలేదు. నాలుగు, ఆపైన ఉండి రక్తం వస్తుంటే వైద్యం కావాలి. అయిదారు దాటితే చిగుళ్ల స్పెషలిస్ట్ అయిన పీరియోడాంటిస్ట్ చూడటం మేలు. కొలవకుండా, ఎక్స్‌రే తీయకుండా "అంతా బానే ఉంది, పాలిష్ చేద్దాం" అంటే ఇంకొకరికి చూపించుకోండి.

ఖర్చు భయమైతే ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గరిది, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, కడపల్లోవి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లోనూ క్లినిక్‌ల కంటే తక్కువే అవుతుంది. ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు కాబట్టి సగం రోజు పోతుంది, అయితే కొలతలన్నీ పద్ధతిగా రాస్తారు. మనకు కావాల్సింది అదే.

"క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయి" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. అది వాళ్లు ఊహించుకున్నది కూడా కాదు, నిజంగానే క్లీనింగ్ తర్వాత పళ్ల మధ్య ఖాళీ తెలుస్తుంది, కొన్నాళ్లు చల్లనీళ్లు జివ్వుమంటాయి. కానీ ఆ ఖాళీ చేసింది జబ్బు. గార దాన్ని కప్పి ఉంచింది, వాచిన చిగురు తగ్గాక బయటపడింది. గార అలాగే ఉంచితే పన్ను కదలకుండా ఉండదు, తెలియకుండా కదులుతుంది. సందు లోతుగా ఉన్నవాళ్లకు పైపై క్లీనింగ్ చాలదు. మత్తు సూది ఇచ్చి చిగురు కింద వేరు దాకా శుభ్రం చేస్తారు. రెండు మూడు విడతలు పట్టొచ్చు.

"షుగర్ తగ్గించుకుని రండి" అని పంపేస్తే? పన్ను తీయడం, చిగుళ్ల ఆపరేషన్ లాంటివి వాయిదా వేయడంలో అర్థముంది. కానీ షుగర్ తగ్గకపోవడానికి ఆ గారే ఒక కారణమైతే, అది తీయడానికి షుగర్ తగ్గాలనడం తలకిందుల లెక్క. కనీసం క్లీనింగ్ మొదలుపెట్టొచ్చేమో మీ షుగర్ డాక్టర్‌తో ఒక చీటీ రాయించుకుని మళ్లీ అడగండి.

నాలుగో పని: గుండె మందుల సంగతి ముందే తేల్చుకోండి

ఇక్కడ జరిగే పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. పంటి దగ్గరికి వెళ్లాలని రక్తం పలచబరిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ తమకు తామే ఆపేసేవాళ్లున్నారు. స్టెంట్ ఉన్నవాళ్లు అలా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టొచ్చు. క్లీనింగ్‌కీ, ఒకటి రెండు పళ్లు తీయడానికీ ఈ మాత్రలు మామూలుగా ఆపక్కర్లేదు. కాస్త ఎక్కువసేపు రక్తం కారుతుంది, దూది నొక్కిపెట్టి, అవసరమైతే కుట్టువేసి ఆపగలరు. వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటివి వాడేవాళ్లు పంటి పనికి కాస్త ముందే ఐఎన్‌ఆర్ పరీక్ష (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చూసేది) చేయించుకుని ఆ రిపోర్ట్‌తో వెళ్లాలి. ఏది ఆపాలన్నా ఆ మాట గుండె డాక్టర్ నోటినుంచి రావాలి. గుండెపోటు వచ్చి, లేదా స్టెంట్ వేసి కొన్ని వారాలే అయితే అత్యవసరం కాని పంటి పనులు ఎప్పుడు చేయించుకోవాలో కూడా ఆయన్నే అడగండి.

కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లకు, ఇదివరకు గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకు, పుట్టుకతో వచ్చే కొన్ని గుండె లోపాలున్నవాళ్లకు పంటి పనికి ముందు యాంటీబయాటిక్ డోసు ఒకటి ఇస్తారు. పడేవాళ్లకు అమోక్సిసిలిన్ 2 గ్రాములు, అరగంట నుంచి గంట ముందు. ఉత్త స్టెంట్‌కి, బైపాస్‌కి అది అక్కర్లేదు.

పని అయ్యాక రాసే చీటీ కూడా చూసుకోండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు మంచివి కావు. పారాసిటమాల్ సరిపోతుందా అని అడగండి. ఓఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కలిసిన మాత్రలు మన దగ్గర పంటినొప్పికి ధారాళంగా రాస్తారు. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర గానీ, ఇన్సులిన్ గానీ వాడేవాళ్లకు వీటితో షుగర్ పడిపోయే ప్రమాదముంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కి కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో పొసగదు. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వార్ఫరిన్ బలాన్ని పెంచుతుంది. అందుకే ఆ కాగితం డాక్టర్ టేబుల్ మీద కనిపించేలా పెట్టమంటున్నది.

అపాయింట్‌మెంట్ రోజు

పొద్దుటిపూట టైమ్ తీసుకోండి. ఇడ్లీయో ఉప్మాయో తిని, మాత్రలు లేదా ఇన్సులిన్ ఎప్పటిలాగే తీసుకుని వెళ్లండి. "మత్తు సూది వేస్తారు కదా" అని ఉపవాసముండేవాళ్లున్నారు. పంటికి వేసేది ఆ చోటికే పరిమితమైన మత్తు, కడుపు ఖాళీగా ఉండక్కర్లేదు. మాత్ర వేసుకుని తినకుండా కుర్చీలో కూర్చుంటేనే ముప్పు. గ్లూకోమీటర్ ఉంటే బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలై షుగర్ 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగండి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. వోగ్లిబోస్, అకార్బోస్ కలిసిన షుగర్ మాత్రలు వాడేవాళ్లకు పంచదార, చాక్లెట్ ఆలస్యంగా పనిచేస్తాయి. వాళ్ల జేబులో గ్లూకోజ్ పొడే ఉండాలి.

ఇంట్లో రోజూ

డాక్టర్ ఎంత బాగా శుభ్రం చేసినా పాచి కొన్ని గంటల్లోనే మళ్లీ చేరడం మొదలవుతుంది. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు, మెత్తని బ్రష్‌తో తోముకోండి. ఒక్కపూట ఎగ్గొట్టక తప్పదంటే రాత్రిది మాత్రం వద్దు, నిద్రలో లాలాజలం తగ్గి క్రిములకు అడ్డుండదు. బ్రష్‌ను పంటికి సూటిగా కాకుండా చిగురు అంచువైపు ఏటవాలుగా పెట్టి, అక్కడక్కడే చిన్నగా కదిపి, తర్వాత పంటివైపు లాగండి. రంపం కోసినట్టు అడ్డంగా గీకితే చిగురు తెగి వేరు బయటపడుతుంది. రక్తం వచ్చే చోట మానేయకండి, అక్కడే ఇంకాస్త జాగ్రత్తగా తోమాలి. వైద్యం జరిగాక ఒకటి రెండు వారాల్లో రక్తం తగ్గడం కనిపిస్తుంది.

బ్రష్ పళ్ల మధ్యకి దూరదు, జబ్బు మొదలయ్యేది అక్కడే. సందులున్నవాళ్లకు సీసాలు కడిగే బ్రష్‌లా ఉండే బుల్లి ఇంటర్‌డెంటల్ బ్రష్‌లు మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఏ సైజు సరిపోతుందో డాక్టర్‌తో చూపించుకోండి. పళ్లు దగ్గరగా ఉంటే ఫ్లాస్ దారం. పిన్నీసు, అగ్గిపుల్ల వద్దు. షుగర్ ఉన్న నోట్లో చిన్న గాయం కూడా త్వరగా మానదు.

వేపపుల్ల చెడ్డదేమీ కాదు, మెత్తగా నమిలి కుచ్చు చేసి వాడితే. కానీ వెనకపళ్ల లోపలివైపుకి అది చేరదు, దాని మీదే ఆధారపడకండి. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పుతో రుద్దడం పూర్తిగా మానేయండి. నూనె పుక్కిలించడం అంటే ఇష్టమైతే చేసుకోండి, గార మాత్రం దానికి ఊడిరాదు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాస్తే చెప్పినన్ని రోజులే, మామూలుగా రెండు వారాలు, వాడండి. ఎక్కువైతే పళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి, టీ కాఫీ తాగేవాళ్లకు ఇంకా తొందరగా. తోమిన వెంటనే కాదు, అరగంటాగి పుక్కిలించాలి. పేస్ట్‌తో కలిస్తే దాని పని చెడుతుంది. కట్టుడుపళ్లు రాత్రి తీసి, కడిగి, నీళ్లలో పెట్టండి.

పొగ, గుట్కా మానడం గురించి కొత్తగా చెప్పేదేముంది, ఒక్కటి తప్ప: మానిన తొలి వారాల్లో చిగుళ్లనుంచి రక్తం పెరిగినట్టు కనిపించొచ్చు. ఇన్నాళ్లూ అణిగి ఉన్నది బయటపడుతోందంతే. అది చూసి మళ్లీ మొదలుపెట్టకండి.

మూడు నెలలకు

వైద్యం అయిన రెండు మూడు నెలలకు చిగుళ్ల లోతు మళ్లీ కొలిపించుకోండి. అదే సమయానికి హెచ్‌బీఏ1సీ కూడా చేయించండి, అది మూడు నెలల సగటే చెబుతుంది కాబట్టి తేడా ఉంటే అప్పటికి తెలుస్తుంది. దాంతోపాటే బీపీ, ఎల్‌డీఎల్ (చెడు) కొలెస్ట్రాల్. గుండెను కాపాడే అసలు లెక్కలు ఈ రెండూ. చాలామందికి హెచ్‌బీఏ1సీ 7 లోపు, బీపీ 130/80 లోపు పెట్టుకుంటారు. ఎల్‌డీఎల్ ఎంత ఉండాలన్నది మీకు గుండె జబ్బు ఇప్పటికే ఉందా లేదా అన్నదాన్ని బట్టి డాక్టర్ చెబుతారు. అవన్నీ అదే కాగితంలో, పాత అంకెల పక్కన రాయండి. చిగుళ్ల జబ్బు ఒకసారి వచ్చినవాళ్లకు మూడు నాలుగు నెలలకోసారి క్లీనింగ్ అవసరమవుతుంది. ఏడాదికోసారి అనేది జబ్బు లేనివాళ్ల లెక్క.

ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు

చిగురు దగ్గర చీము, ముఖం లేదా దవడ కింద వాపు, జ్వరం, మింగడం కష్టమవడం, షుగర్ ఉన్నట్టుండి 300 దాటడం - ఇవి కనిపిస్తే లవంగనూనె పెట్టుకుని తెల్లారేదాకా చూడొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నోరు తెరుచుకోకపోయినా, ఊపిరాడకపోయినా ఎమర్జెన్సీకే.

ఇంకోటి, పంటినొప్పిలా వచ్చి పంటినొప్పి కానిది. మెట్లెక్కుతుంటే, నడుస్తుంటే కింది దవడ లాగుతూ, ఆగితే తగ్గుతుంటే అది గుండెనుంచి వస్తున్న నొప్పి కావొచ్చు. ఏ పన్నో వేలు పెట్టి చూపించలేరు, చల్లనీళ్లకూ నమలడానికీ దానికీ సంబంధముండదు. షుగర్ ఉన్నవాళ్లకు నరాలు మొద్దుబారి ఛాతీనొప్పి తెలియకుండానే గుండెపోటు రావొచ్చు, దవడ లాగడం, ఆయాసం, చల్లని చెమట, వాంతి వచ్చేలా ఉండటం మాత్రమే తెలుస్తాయి. ఆడవాళ్లలో ఇలా జరగడం ఇంకాస్త ఎక్కువ. కూర్చున్నా తగ్గకపోతే పంటి డాక్టర్‌కు కాదు, 108కి ఫోన్ చేయండి. బండి మీద ఎవరి వెనకో కూర్చుని వెళ్లొద్దు. అంబులెన్స్ వచ్చేలోపు కాగితం చేతిలోకి తీసుకోండి.